ఉడకని గోదాము

సెతూబల్ రేవులో చేపల డబ్బాల ఫ్యాక్టరీ.
నాకప్పుడు పదిహేడేళ్ళు. మోత పని.
లాటుకి నాలుగు వేల డబ్బాలు, పెట్టెకి వంద,
పదేసి పెట్టెల దొంతరలు, కప్పు తాకేదాకా.
ఒంటికి పట్టిన సార్డీన్ల వాసన
ఆదివారం చర్చికి వెళ్ళినా వదిలేది కాదు.

ఎతెల్వినా వచ్చేది, బూడిదరంగు కోటు,
చంకలో అట్ట ఊడిన పుస్తకం.
అందులో కథ లేదు, ప్రార్థన లేదు.
అన్నీ అంకెలే, ఒకదానికొకటి చుట్టం కాని అంకెలు.
కళ్ళు మూసుకుని పెన్సిల్ మొన ఆనించి
అక్కణ్ణుంచి కిందికి చదివేది:
రెండు వేల మూడు వందల పదిహేడు.
నలభై ఒకటి.
మూడు వేల తొమ్మిది వందల ఎనభై.

నలభై ఒకటి అట్టడుగు పెట్టెలో ఉంటుంది.
ఆ ఒక్క డబ్బా కోసం తొమ్మిది పెట్టెలు దింపాలి,
మళ్ళీ ఎక్కించాలి.
నోరు సరేనంటుంటే నడుము తిట్టేది.

మేస్త్రీ బల్తజార్ నవ్వేవాడు:
"అన్నం ఉడికిందో లేదో తెలియడానికి
ఒక్క మెతుకు చాలదా అమ్మా?
ఇదిగో, గుమ్మం దగ్గరివి తీసుకో."
ఆమె తలెత్తకుండానే అంది:
"కుండ తనను తానే కలుపుకుంటుంది, బల్తజార్.
నీ గోదాము ఉడకదు.
గుమ్మం దగ్గర ఏవి పెట్టాలో నీకు తెలుసు.
ఈ అంకెలే నా మంట."

యాభై డబ్బాలు.
కోసి, నూనె వంచి, అంచు మడతకి కొలబద్ద పెట్టి చూసేది.
తన వదిన నింపిన డబ్బా వచ్చినా అదే కత్తి,
బల్తజార్ కూతురు నింపింది వచ్చినా అదే కత్తి.
కోసినవి ఇక అమ్మకానికి పనికిరావు.
మధ్యాహ్నం రొట్టెలో పెట్టుకుని మేమే తినేవాళ్ళం.

ఆ మార్చిలో నా చేతిలోంచి ఒక పెట్టె జారింది.
ఎవరూ చూడలేదు.
సొట్టలు. ఒకటి రెండు అంచుల దగ్గర నూనె చెమ్మ.
గోడ వారన అడుగుకి తోసి, పైన తొమ్మిది పేర్చాను.
ముప్పై ఒకటో పెట్టె:
మూడు వేల ఒకటి నుంచి మూడు వేల వంద దాకా.

ఆమె చదువుతోంది. నేను మోస్తున్నాను.
రెండు వేల తొమ్మిది వందల తొంభై ఎనిమిది.
నా గుటక నాకే వినిపించింది.
మూడు వేల నూట నాలుగు.
ఇటు నుంచి ఒకటి, అటు నుంచి ఒకటి, రాసుకుంటూ పోయాయి.
యాభై అయ్యాయి. లోపాలు సున్నా.
సంతకం పెట్టి, సిరా ఆరడానికి ఊదింది.

పొద్దున లారీ వచ్చేముందు చెప్పేశాను.
ఆ అంకెలకి నా మీద పగ లేదు, జాలీ లేదు.
నన్ను వదిలేశామని కూడా వాటికి తెలియదు.
రాత్రంతా నిద్ర పట్టనివ్వనిది అదే.

ఎతెల్వినా తిట్టలేదు. పెట్టె తీయించింది.
రిజిస్టరు తెరిచి, సున్నా మీద వేలు పెట్టి చాలాసేపు నిలబడింది.
"దీన్ని దిద్దను," అంది.
"నువ్వు చెప్పింది నమూనాలోకి రాదు."
మార్జిన్‌లో పెన్సిల్‌తో రాసింది:
ఒక పెట్టె. జెఫెరీనో చెప్పాడు.

దాని ఖరీదు నా జీతంలోంచి మూడు వారాలు కోశారు.
తర్వాతి లాటులో ఆమె మళ్ళీ కళ్ళు మూసుకుంది.
అడుగు పెట్టెలోదే వచ్చింది.
తొమ్మిది దింపాను.
నడుము తిట్టింది.