తోడు

నూట ఇరవై ఒక్క డిగ్రీలు, ఇరవై నిమిషాలు.
మట్టిని చంపడానికి అంతకన్నా అక్కర్లేదు.
మొరియోకాలో, మా ల్యాబు వెనక గదిలో
ఆటోక్లేవు మూత తీసిన ప్రతిసారీ
ఉడికిన చిలగడదుంప వాసన.
అది చావు వాసనని
నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఆ శుభ్రమైన మట్టిలో మురసాకి నాటాం.
ముక్కుపుడకంత తెల్లపూలు.
పేరుకే ఊదా,
పైకి ఎక్కడా ఊదా కనపడనివ్వని మొక్క.
దాచుకున్నదంతా వేరులోనే
అనుకున్నాం.

రెండో ఏడు అక్టోబరులో కుండీలు బోర్లించాం.
ఎదుగుదలకేం, జానెడు ఎక్కువే ఎదిగాయి.
ఆకు మీద మచ్చ లేదు, ఈనె మీద పురుగు లేదు.
వేళ్ళు మాత్రం
కడిగిన ముల్లంగిలా తెల్లగా,
ఏ పాపం ఎరగనట్టు.
ప్రొఫెసరుగారు కళ్ళజోడు తుడిచారు, మళ్ళీ తుడిచారు.
"రంగు" అన్న గడిలో
నేను సున్నాలు రాసుకుంటూ పోయాను.

కజునో దాటాక కొండ ఎగువన అసారి తొమెయో మడి.
మడంటే ఎంత, నాలుగు చాపలు పరిచినంత.
ఎనభై మూడేళ్ళ మనిషి,
గోళ్ళ చుట్టూ ఏ సబ్బుకూ లొంగని ఊదా చార.
మా తెల్ల వేరును నలిపి, వాసన చూసి,
నాలిక్కి తాకించి
"అయ్యో, దీనికి గొడవపడ్డానికి ఎవరూ లేరు" అంది.

తన మడిలోంచి ఒకటి పెకలించింది.
వంకర టింకరగా, బెరడు చిట్లి,
ఒక పక్క ఏదో బూజు కొరికిన వేరు.
గోటితో గీరితే
చీకట్లో ఒలికిన నెత్తురు రంగు.

దాని పేరు షికోనిన్, నాకు తెలుసు.
వేరు చర్మంలోంచి చెమటలా ఊరే ఎర్ర నూనె,
క్షారం తగిలితే నీలం.
పరీక్షలో ఇదంతా రాసి మార్కులు తెచ్చుకున్నాను.
తొమెయో అడిగింది:
"మనకోసం చేస్తుందనుకున్నావా?
కింద ఒకడు గోడ గీకుతాడు,
ఒకడు చేబదులు అడుగుతాడు,
ఒకడు ఉప్పిచ్చి చక్కెర పట్టుకుపోతాడు.
రాత్రీ పగలూ ఇదే రభస.
వాళ్ళకిచ్చుకునే జవాబే ఈ రంగు.
మనం దొంగచాటుగా విని
మందంటాం."

ఆ వారమే ఆవిరి కొట్టి
నా మణికట్టు బొబ్బలెక్కింది.
చొక్కా చేయి కిందకి లాక్కున్నా ఆమె చూసేసింది.
రేకు డబ్బా తెచ్చి, నువ్వుల నూనె వాసన వేసే
ఊదా లేపనం రాసింది, తిడుతూ.
మట్టిని చంపిన ఆవిరే నన్నూ కాల్చింది.
ఆ చచ్చినవాళ్ళ చుట్టాలతో
ఏదో వేరు ఆడిన ఎదురుమాట
నా చర్మం మీద చల్లగా పరుచుకుంటోంది.

బయల్దేరుతుంటే
నా ఖాళీ అన్నం డబ్బా లాక్కుని మట్టి నింపింది.
"కొత్త జాడీ మిసోలో పాత జాడీది గరిటెడు కలపరూ?
అలాగే. తోడు."

హనావా లైను బండిలో డబ్బా ఒళ్ళో పెట్టుకు కూర్చున్నాను.
చెంచాడు మట్టిలో కోట్ల ప్రాణాలంటారు.
టికెట్టు ఒకటే కొన్నాను.

పన్నెండు కుండీలు.
చచ్చిన మట్టిలో చెంచాడు చొప్పున.
మళ్ళీ రెండు మంచుకాలాలు.

ఏడింటిలో వేరు పలికింది.
ఊదా అని గట్టిగా అనలేను,
లేత వంకాయ తొడిమ చాటున ఉండే రంగు.
గడిలో ఏ అంకె వేయాలో తెలీక
తడి వేలు ఆనించాను, ఏడుసార్లు.
ప్రొఫెసరుగారు చూస్తే తిడతారు.

అయిదు తెల్లగానే ఉన్నాయి.
అదే మట్టి, అదే చెంచా, అదే నా చెయ్యి.
కారణం తెలీదు.
ఆ అయిదు గడులూ ఖాళీగా వదిలేశాను.
సున్నా రాయబుద్ధి కాలేదు.