నాలుగో కాలు

ముప్పై ఏళ్లు పడవలు చేశాను, ఆర్‌బ్రోత్ రేవులో.
ఏ చెక్క ఎన్నేళ్లు ఉప్పుని ఓర్చుకుంటుందో వాసన చూసి చెప్పగలను.
రేవు ఖాళీ అయ్యాక
ఈ బడిలో కుర్చీలు చేస్తున్నాను.

వీపు వైపు నిచ్చెన ఉన్న కుర్చీలు.
కూర్చోవడానికని కాదు,
పట్టుకుని లేవడానికి,
ముందుకు నెట్టుకుంటూ నడవడానికి.

మొదటి వారం ఇష్‌బెల్ చేయి చూసి
నిచ్చెన మెట్లు సన్నగా చెక్కేశాను, జాలిపడి.
గుల్లలోకి పోయే నత్తలా
బొటనవేలు పిడికిట్లో దాక్కునే చేయి అది.
బుడాపెస్ట్ నించి వచ్చిన టీచరు, బోగ్లార్కా,
కుర్చీని తిప్పి చూసి నా ముందే పెట్టింది.
"సన్నం చేస్తే పిడికిలి ఇంకా బిగుస్తుంది.
లావుగా ఉంటే చేయి తెరవక తప్పదు.
మీ జాలిని కాస్త లావుగా చెక్కండి."

మళ్లీ చేశాను.

పొద్దున్నే లెక్క మొదలవుతుంది.
"చేయి చాపుతున్నాను" అంటారందరూ.
ఒకటి, రెండు, మూడు, నాలుగు,
ఐదు ముందు ఆగుతారు.
ముంగో చేయి ఇంకా గాల్లో వెతుకుతుంటుంది.
మోచేయి ఒకటి తలిస్తే వేళ్లు ఇంకొకటి తలుస్తాయి,
ఎవరూ పిలవని కాలు కూడా తోడొచ్చి బిగుసుకుంటుంది.
కిటికీ అవతల సముద్రపు మంచు
ఆటస్థలాన్ని మింగి, మళ్లీ కక్కి, వెళ్లిపోతుంది.
అప్పుడు తగులుతుంది చెక్క.
"ఐదు!" అంటారందరూ,
వాడు ఆలస్యమైనట్టు కాదు,
ఐదు ఇప్పుడే పుట్టినట్టు.

నేను కొలతల మనిషిని.
అంగుళంలో పదహారో వంతు తప్పితే పడవ నీళ్లు తాగుతుంది.
ఈ కొలత పట్టుబడ్డానికి ఒక చలికాలం పట్టింది.

ఫిబ్రవరిలో ఇష్‌బెల్ కుర్చీ కిర్రుమనడం మొదలెట్టింది.
తరగతి నించి భోజనాల గదికి పద్దెనిమిది గజాలు.
కిర్ర్. ఆగు. కిర్ర్.
నాకు సిగ్గేసింది, నా చేతిపని అలా అరవకూడదు.
ఉన్నిగుడ్డ, జిగురు పట్టుకుని మోకాళ్ల మీద కూర్చున్నాను.
మూడు కాళ్లకి తొడిగాను.
నాలుగో కాలు దగ్గర తన చేయి నా చేతి మీద పడింది.
పడిందో, పెట్టిందో.

ఏదో చెప్పబోయింది.
మాట పెదవుల దాకా వచ్చి వెనక్కి వెళ్లింది.
"నొప్పా?" అన్నాను. కాదు.
"నీళ్లా?" కాదు.
కళ్లు పైకి తిప్పింది,
అచ్చం నా మనవరాలు నా మీద తిప్పినట్టే.
మూడోది అడగబోతుంటే
వెనక నించి బోగ్లార్కా, మెల్లగా, "ఐదు దాకా."

నోరు మూసుకున్నాను.
పక్కకి లాగిన మెడని పిల్ల వెనక్కి తెచ్చుకుంది,
ఊపిరి పోగుచేసుకుంది.
ఉడికిన బఠానీల వాసన. ఎవరిదో చెంచా కిందపడింది.
నా మోకాళ్లు పట్టేశాయి.
అప్పుడు వచ్చింది, ముక్క ముక్కగా, తడితడిగా,
"అది... నేను... వస్తున్నట్టు."

వాళ్లన్న మెట్లు దబదబా దిగుతాడట.
అమ్మ బూట్లు టకటక.
కుక్కకి సైతం గోళ్ల చప్పుడుంది.
ఎత్తుకుని తీసుకెళ్లే పిల్లకి అడుగుల చప్పుడెక్కడిది?
ఇదంతా సాయంత్రం వాళ్లమ్మ చెప్పింది, కారు తలుపు పట్టుకుని.

నాలుగో ఉన్నిముక్క ఇంకా నా జేబులోనే ఉంది.

ఇప్పుడు పన్నెండు దాటితే రంపం ఆపుతాను.
మూడు కాళ్లు గమ్మున, నాలుగోది కిర్రుమంటూ.
ముంగో చెంచాతో బల్ల బాదుతాడు, వచ్చేస్తోందని.

నిన్న నడవ మధ్యలో చప్పుడు ఆగిపోయింది.
గుండె గుబేలుమని గుమ్మం దాకా పరిగెత్తాను.
కిటికీ పక్కన నిలబడి ఉంది,
ఒక చేయి కుర్చీ మీద, ఒకటి గాల్లో,
రేవు వైపు చూస్తూ.
పడవొకటి వస్తోంది. నేను చేసింది కాదు.
"బఠానీలు చల్లారిపోతాయి," అన్నాను.
తల తిప్పకుండానే
గాల్లోని చేయి నా వైపు చాపింది.
వేళ్లు తెరుచుకోవడానికి కొంత సేపు పట్టింది.
ఆగమని.
ఆగాను.