ఒక అంగుళం దాకా

చీమకుర్తిలో నా పని కొలవడం.
బల్ల మీద నల్లటి పలక పడుకుని ఉంటుంది,
లోపలి చుక్కలు మెరుస్తుంటాయి,
నేను టేపు లాగి అంకె చెబుతాను,
మాలకొండయ్య సుద్దతో రాస్తాడు.
రెండు మిల్లీమీటర్లు తేడా వస్తే
మద్రాసు పార్టీ సరుకు తిప్పి పంపుతుంది.

ఆదివారం అదే టేపు కారు వెనక సీట్లో పరిచాను.
పన్నెండు వందల అరవై.
తలుపుల పొట్టలు తీసేస్తే పన్నెండు వందల ముప్పై.
షాపులో నచ్చిన సీటు ఒక్కోటి నాలుగు వందల అరవై.
పిల్లలు ముగ్గురు.
మూడు నాలుగులు పన్నెండు, సరే,
మూడు అరవైలు యాడ పెట్టాలి?

"ఒళ్ళో కూచోబెట్టుకుంటే పోదా అబ్బయ్యా,
నిన్ను మేం అట్టనే పెంచలా?" అంది అమ్మ.
పెంచారు, నిజమే.
బస్సు కిటికీ ఊచ పట్టుకుని పెరిగాను.
కానీ మొన్న రంజాను ముందర
సంతనూతలపాడు దాటాక గేదె అడ్డమొచ్చింది.
నలభైలోనే ఉన్నా.
నసీమున్ రెండు చేతులా గట్టిగానే పట్టుకునుంది.
ఆ చేతుల్లోంచే ఆఫ్రిన్
తడి సబ్బులాగా జారిపోయింది.
నుదుటి మీద మూడు కుట్లు.
గేదె తోక ఊపుకుంటా పోయింది.

ఆ సాయంత్రం ఆస్పత్రి నుంచి వస్తా చూశాను,
పదేళ్ళుగా చూస్తున్నదాన్నే:
లారీ మీద ఇరవై టన్నుల రాయి,
నాలుగు పక్కలా గొలుసులు,
కింద కదలకుండా దిగ్గొట్టిన చెక్కలు.

నెల్లూరులో దర్గామిట్ట దగ్గర ఒకాయన
పాత సీటు అమ్ముతానన్నాడు.
సన్నటిది, నాకు కావాల్సిన కొలతే.
"ఒకసారి చిన్న గుద్దు, అంతే, గీత కూడా పళ్ళా."
వేలి కణుపుతో తట్టి చెవి పెట్టాను.
రాయైతే చెబుతుంది.
లోపల వెంట్రుకంత చీలికున్నా
గంటలా మోగాల్సింది పగిలిన కుండలా పలుకుతుంది.
ప్లాస్టిక్కు ఏమీ చెప్పలేదు.
ఆయన పోసిన టీ తాగి
నూట ముప్పై కిలోమీటర్లు ఉత్త చేతుల్తో వచ్చేశా.

నసీమున్ చీటీ పాడింది. కొత్తవే కొన్నాం,
మూడూ మూడు రకాలు.
నడిమధ్యలో ఉన్నది నడుం బెల్టే, భుజానికి లేదు,
అందుకని తౌఫిక్ ఆ కిటికీకి, ఆఫ్రిన్ ఈ కిటికీకి.
మధ్యలో బుజ్జిది, వెనక్కి తిరిగి.
దాని సీటుకి తలవైపు వెడల్పు, కాళ్ళవైపు సన్నం,
ఎదురుబొదురు తిప్పేసరికి
ఒకదాని ఒంపులో ఒకటి సర్దుకున్నాయి.
బక్కిలు సందులో నా చెయ్యి పట్టలా.
నసీమున్ గాజులు తీసి డాష్‌బోర్డు మీద పెట్టి
మణికట్టు దాకా దూర్చింది.
టక్కుమంది.

మోకాలు సీట్లో తొక్కి, ఒళ్ళంతా బరువేసి బెల్టు లాగాను.
మా జేజినాయన దూదేకి పరుపులు కుట్టేవాడు,
మూల కూరేటప్పుడు ఇట్టనే మోకాలేసేవాడంట.
తర్వాత బెల్టు దూరిన చోట పట్టుకుని ఊపమని,
అంగుళం దాకా కదిలినా పర్లేదని
కాయితంలో ఉంది.
రెండుసార్లు చదివాను.
అంగుళమంటే ఇరవై ఐదు మిల్లీమీటర్లు.
నా ఉద్యోగంలో అంత మాఫీ ఎవరూ ఇవ్వలేదు నాకు.
అయినా నేను అంత వాడుకోలేదు.

బుధవారం బుజ్జిదానికి టీకా. ఒంగోలు బయల్దేరాం.
నసీమున్ ముందు సీట్లో కూచుంది.
హ్యాండుబ్యాగు ఒళ్ళో పెట్టుకుంది,
తీసి కింద పెట్టింది, మళ్ళీ ఒళ్ళో పెట్టుకుంది.
వెనక నుంచి ఆఫ్రిన్ కాళ్ళు
నా సీటుని తంతానే ఉన్నాయి.
పక్కనుంచి రాయి లారీ దాటింది.
తౌఫిక్ మెడ తిప్పి గొలుసులు చూశాడు.
"నాయనా, ఆ రాయికి ఎన్నేళ్ళు?"

కొలతలైతే చెప్పగలను.
సంతనూతలపాడు వస్తోంది,
ముప్పైకి తగ్గించాను.