మంగళవారం, మూడు నుంచి ఆరు

మా బిల్డింగు నేలమాళిగలో, ఉతుకుగది బయట
చిల్లులు పొడిచిన ఒక చెక్కపలక ఉంది.
ఇంటికో చిన్న తాళం.
ఎవరి తాళం ఏ చిల్లులో ఉంటే
ఆ మూడు గంటల నీళ్లూ నురగా వాళ్లవే.
నార్‌షోపింగ్‌లో కాపురాలు చెదరడం చూశాను గానీ
ఆ పలక మీది వంతు చెదరడం చూడలేదు.

మంగళవారం, మూడు నుంచి ఆరు: సిక్స్టెన్.
పదకొండేళ్లుగా అదే చిల్లు.
ట్రాము తీగలు బాగుచేసే మనిషి.
మంచు గడ్డకట్టిన రాత్రి నిచ్చెనబండి ఎక్కి
తీగల మీది మంచు రాల్చేవాడు,
తెల్లారి మేం ఎక్కిన బండి ఆగకుండా వెళ్లేది.
ఆరు దాటాక వంతు నాది.
డ్రమ్ము ఇంకా వెచ్చగా ఉండేది.
జల్లెడలో నూలుపోగు ఒక్కటి వదిలేవాడు కాదు.

నవంబరులో ఒక కవరు
నా తలుపు సందులోంచి జారిపడింది.
కళ్లద్దాలు వంటగదిలో ఉన్నాయి, పేరు చూడలేదు.
ఇది నిజం.
అంటే, నిజంలో సగం.
రెండో పేరా దగ్గర తెలిసింది అది నాది కాదని.
నాలుగో పేరా దాకా చదివాను.

లైంగిక సేవ కొన్నట్టు అనుమానం.
తేదీ, వీధి, గంట.
మా చట్టంలో అమ్మిన చెయ్యి నేరస్థురాలు కాదు,
కొన్న చెయ్యే.

టేపు అంటించి ఆయన తలుపు సందులో వేశాను.
ఒక్కరికే చెప్పాను, రెండో అంతస్తు ఇంగ్‌మారీకి.
ఒక్కరికే చెప్పానని
అందరూ అదే చెబుతారు.

వారం తిరిగేసరికి ఆయనకు ఎన్ని ముఖాలు మొలిచాయో!
ఇంగ్‌మారీకి మృగం.
సైకిళ్ల షెడ్డు దగ్గరి కుర్రాళ్లకు వేళాకోళం.
"పాపం, పెళ్లాం పోయిన మనిషి" అన్న ఒక గొంతును
మిగతా గొంతులు మూసేశాయి.
"ఆ జీతంతో ఎలా కుదిరిందబ్బా?" అన్నాడు ఆల్వార్,
జమాఖర్చులు తప్ప మరేదీ తెలియనివాడు.
"నాకెప్పుడో అనుమానమే" అన్నవాళ్లు అయిదుగురు.
పదకొండేళ్లలో ఆ అనుమానం
ఒక్కసారైనా కాఫీకి రాలేదు మరి.

పలక మీద మొదట కదిలింది నా తాళం.
శుక్రవారానికి.
అంటుకుంటుందా ఏమిటి, బట్టలకు?
తొంభై డిగ్రీల నీళ్లకు?

మా ఎగోన్ సరుకు ఓడల్లో తిరిగే రోజుల్లో
హాంబర్గు నుంచి కార్డులు వచ్చేవి,
వెనకవైపు రెండే వాక్యాలతో.
నేను ఏమీ అడిగేదాన్ని కాదు.
అప్పుడు దానికి చట్టంలో పేరు లేదు.
మేం దాన్ని సముద్రం అనేవాళ్లం.

ఇన్ని మాటల్లో ఒక్కరం కూడా ఆమె గురించి అడగలేదు.
ఆ వీధిలో, ఆ గంటకు, ఆ గదిలో ఉన్న ఆమె.
ఆమెకూ ఎక్కడో ఒక ఉతుకుగది ఉంటుంది, ఒక వంతు ఉంటుంది.
నవంబరు చలికి కోటు సరిపోతుందో లేదో.
ఆమె లెక్కలో సిక్స్టెన్ ఎవరు?
గుమ్మం దగ్గర బూట్లు విప్పిన మనిషా,
తలుపు మూయగానే గొంతు మార్చిన మనిషా?
నాకు తెలియదు.
తెలియని ఆ చోటే
మేమంతా కుర్చీలేసుకు కూర్చున్నాం.

మొన్న మంగళవారం ఆరింటికి దిగాను.
తాళం కోసమేనని మెట్లమీద నాకు నేను చెప్పుకున్నాను.
ఆయన ఇంకా ఉన్నాడు,
దుప్పటి అంచు గడ్డం కింద అదిమిపట్టి.
దుప్పటి మడతకు ఇద్దరు కావాలి.
ఇదివరకు ఆయన ఒక్కడే ఎలా మడిచేవాడో
ఎప్పుడూ ఆలోచించలేదు.
అవతలి కొసలు అందుకున్నాను.

ఇది క్షమించడం కాదు.
క్షమించే బాకీ నాకు ఆయన పడలేదు.
నేను పడ్డాను, అది వేరు.

ఒక్కో మడతకూ దగ్గరయ్యాం.
అంచులు కలిసినప్పుడు ఆయన వేళ్లు నా వేళ్లకు తగిలాయి,
తీగల చలి ఇంకా వదలని వేళ్లు.
టేపు గురించి చెబుదామని నోరు తెరిచాను.

"నూలుపోగులు తీసేశాను" అన్నాడు.