పన్నెండు వోల్టులు

స్మిత్‌టన్‌లో జూలై.
పాలషెడ్డు రేకు మీద వాన
నిన్నటి నుంచీ అదే మాట చెబుతోంది.
క్వాడ్ బైకు సీటు ఊడదీసి
గడ్డిమోపు మీద బోర్లించాను.
సీటు కింద ఎలుక కట్టుకున్న గూడు:
ఎండుగడ్డి, పీచు, కొరికి తెచ్చుకున్న నీలం తీగ తొక్క.

"ముందు మైనస్ తియ్యి" అన్నాడు డెస్,
పదిసార్లు చెప్పింది పదకొండోసారి.
పానా జారి ఫ్రేముకి తగిలితే ఏమవుతుందో
అతని ఉంగరపు వేలికి తెలుసు.
ఉంగరం లేదక్కడ,
ఉంగరమంత తెల్లటి మచ్చ ఉంది.

విన్చ్ బంపరులో సర్దుకు కూర్చుంది.
బత్తాయంత మోటారు,
వెయ్యి కిలోలు లాగుతానంటుంది.
డబ్బా మీద అక్షరాలు ఎప్పుడూ అలాగే అంటాయి.
దాని కాంటాక్టరుకి బురద తగలని చోటు కావాలి.
ఈ బండిలో, ఈ ఊళ్లో, ఈ నెలలో
బురద తగలని చోటు!
చివరికి ఎలుకని ఖాళీ చేయించాం.

లావు తీగలు నాలుగు:
రెండు బ్యాటరీకి, రెండు మోటారుకి.
సన్నతీగ ఒక్కదానికే పేచీ.
తాళం తిప్పితేనే ప్రాణం వచ్చే చోటు వెతకాలి దానికి,
లేకపోతే దూడ మూతి తగిలినా
అర్ధరాత్రి షెడ్డులో విన్చ్ తిరుగుతుంది.
టెస్టు ల్యాంపు పట్టుకుని
గుడ్డిగా తడుముకుంటూ పోయాను.
వెనక లైటు తీగ దగ్గర వెలిగింది.
తాళం తీస్తే ఆరింది.
"అదే" అన్నాం ఇద్దరం, చెరో భాషలో.

హ్యాండిల్‌కి వేడి పిడులు కూడా కావాలన్నాడు,
కలుపుమందు పంపు ఒకటి,
ముందు ఒక లైట్ల పట్టీ.
అన్నీ ఒక్కసారి వేస్తే స్టేటరు తట్టుకోదన్నాను.
చాలాసేపు ఆలోచించాడు.
"లైట్లు వద్దులే, దారి నాకు తెలుసు."

తణుకులో మా పెదనాన్న
కాలిపోయిన బోరు మోటార్లు చుట్టేవాడు.
అరిచేతులకు ఎప్పుడూ వార్నిష్ వాసన.
"రాగంతా ఒకటే రంగే పిల్లా, తొడుగులే తేడా" అనేవాడు.
ఆ మాటలో బోలెడు అర్థాలు వెతుక్కున్నాను కొన్నేళ్లు.
ఆయన మాత్రం తీగల గురించే అన్నాడు.

ఆఖరి గొట్టానికి లైటర్ చూపించాను.
ముడుచుకుని రాగిని పట్టేసుకుంది.
మైనస్ బిగిస్తుండగా జోస్లిన్ ఫోను:
ఎనభై ఆరో నంబరు పడ్డ మురుగుబోదెలో ఉంది,
పొట్ట దాకా,
అరవడం కూడా మానేసింది.

సీటు పెట్టడానికి టైము లేదు.
డెస్ నిలబడే నడిపాడు,
నేను వెనక ర్యాకు మీద, ఒళ్లో బెల్టుల మూట.
బండిని వెనకనుంచి కంచెగుంజకి కట్టాం.
జోస్లిన్ బురదలోకి దిగి
పడ్డ ముందుకాళ్ల వెనక బెల్టు దోపింది.
నీలం తాడు బిగిసింది.
'లోపలికి' నొక్కాను.
తాడు బయటికి వచ్చింది.

లావుతీగలు రెండూ తారుమారు.
పెదనాన్న ఉంటే ఏమనేవాడో
ఇక్కడ రాయడం బాగోదు.
పానా షెడ్డులో ఉంది. వాన చూరులా కారుతోంది.
'బయటికి' నొక్కాను.

అంగుళం. ఇంకో అంగుళం.
ఇంజను గొంతు పెంచాడు డెస్, బ్యాటరీ నీరసించకుండా.
బురద వదల్లేదు, వదల్లేదు,
పెద్ద ముద్దు చప్పుడు చేసి వదిలేసింది.
ఎనభై ఆరు గట్టుమీద పక్కకి పడి
మమ్మల్ని చూసి
ముక్కుతో నీళ్లు చీది
గడ్డి వెతుక్కుంది.

రేపు తీగలు మారుస్తానన్నాను.
"వద్దు, నా వేలికి అలవాటైపోయింది" అన్నాడు.
అయినా టేపు ముక్క మీద తెలుగులో 'లోపలికి' అని రాసి
'బయటికి' మీద అంటించాను.
జోస్లిన్ దాన్ని వంకర తీగల బొమ్మ అనుకుంటోంది.

రాత్రి బట్టలు పిండుతుంటే
జేబులోంచి వాషరు ఒకటి రాలింది.
ఎక్కడిదో ఎంత ఆలోచించినా తెలియలేదు.