ముల్లు మాట

గంటస్తంభం వెనక సందులో తూనికల కొట్టు.
"కరెంటు కాటా పట్టుకెల్లమ్మా,
అంకెలు ఎర్రగా ఎలుగుతాయి" అన్నాడు షావుకారు.
మాది మందుగుండు షెడ్డు బాబూ,
ఎర్రగా వెలిగేదేదీ గడప దాటనివ్వం.

అటక మీంచి మూడు త్రాసులు దించాడు.
ఒకటి కంసాలి సామాను, అద్దాల పెట్టెలో ఉంది.
నేను ఊపిరి వదిలితే ఉలిక్కిపడింది.
అంత పిరికిది మా తాటాకు పాకలో బతకదు.
రెండోది కొత్తది, నీలం రంగేసి నిగనిగలాడుతోంది.
గురివింద గింజ వేశాను. కదల్లేదు.
ఇంకోటి వేశాను.
కాపలా పెట్టినవాడు గురక పెడితే
కోపమొస్తుందా, నవ్వొస్తుందా?

మూడోది పాతది.
బుడితి ఇత్తడి పళ్ళేలు, ఒకదాని అంచున సొట్ట.
ఎవరి చేతుల్లోంచి జారిందో.

ఫ్యాను ఆపమన్నాను.
ఎడమవైపు గుండు, కుడివైపు ఇసక.
సరితూగాక అటుదిటు, ఇటుదటు మార్చాను.
దొంగ త్రాసు ఒక చెంపకే నిజం చెబుతుంది,
చెంప మారిస్తే నీళ్ళు నములుతుంది.
ఇది నమల్లేదు.
ముల్లు ఊగింది, ఊగింది,
ఎవర్నో వెతికినట్టు అటూ ఇటూ చూసి
గీత మీదికొచ్చి నిలబడింది.
వేలితో తట్టాను. మళ్ళీ అక్కడికే.
గురివిందకి తన నలుపు తెలీదంటారు గానీ
దాని బరువు మాత్రం ఈ ముల్లుకి తెలుసు.

"సూరేకారానికి ఇంత చాదస్తమేటమ్మా,
మీ తవిటయ్య చేత్తోనే ఏసీవోడు కదా!"

అవును. మావయ్యది చేతి కొలతే.
ముప్ఫై ఏళ్ళు తప్పలేదు.
ముప్ఫై ఒకటో ఏడు,
పైడితల్లి పండగకి పదకొండు రోజుల ముందు,
పొద్దున్న చద్దన్నం తిని వెళ్ళి...

షావుకారు ఫ్యాను స్విచ్చి మీది చెయ్యి తీసేశాడు.
చెప్పిన ధరలో యాభై తగ్గించాడు.
నేను అడగలేదు.

గజపతినగరం బస్సులో ఒళ్ళో పెట్టుకున్నాను,
దండెకి తువ్వాలు చుట్టి, పసిబిడ్డకి చుట్టినట్టు.
"లగేజీ కొట్టాలేటి? బరువెంతుంటాది?" అన్నాడు కండక్టరు.
ఇది ఊరందర్నీ తూస్తుంది గానీ
తనని తాను తూచుకోలేదు నాయనా, అన్నాను.
అతను నవ్వి చిల్లర ఇచ్చేశాడు.

గొట్లాం దాటాక గతుకులో
తువ్వాల్లోపల పళ్ళేలు రెండూ తగిలి
సన్నగా మోగాయి.
మావయ్య గొంతు సవరించుకున్నట్టు.