కుడి చెవి

మా నాన్న జ్వోనిమిర్‌కి ఎడమ చెవి పోయింది.
కుడి చెవితో ఓడల్ని వినేవాడు.
రియెకా రేవులో
నీళ్ళొదిలి ఒడ్డెక్కిన ఇనుప పొట్టల కింద
చిన్న సుత్తితో టక్, టక్, టక్.
మంచి రేకు గంటలా పలికేది,
తుప్పు తిన్నచోట బొంగురుగా దగ్గేది.
అక్కడ సుద్దతో సున్నా చుట్టేవాడు.
"పగలగొట్టడానికి కాదే నెవెన్కా,
సముద్రం అడిగేలోగా మనమే అడగాలి."

నలభై ఒకటో ఏట నాకా సుత్తి పిచ్చి అంటుకుంది.
పగలు క్రెస్ దీవికి ఫెర్రీ టికెట్లు కోస్తాను.
రాత్రి వంటింటి బల్ల మీద
మూడు చేతులు మారిన లాప్‌టాప్,
దాని కడుపులో నేను కట్టుకున్న ఇంకో యంత్రం:
నేనే తాళం వేసి
నేనే తాళంచెవి పారేసి
నేనే దొంగనై తిరిగే ఇల్లు.

బయట బూరా గాలి
వీధి పొడుగునా కిటికీలు లాగి చూస్తుంటుంది.
ఎవరి బోల్టు వదులో దానికి తెలుసు.
దానికెవరు నేర్పారో!

పదకొండు రాత్రులు ఒకే లాగిన్ పెట్టె ముందు.
ఒక కొటేషన్ గుర్తు చేర్చాను, తీశాను, జరిపాను.
ప్రతిసారీ మర్యాదగా "తప్పు" అంది.
పన్నెండో రాత్రి తప్పు అనలేదు.
తడబడింది.
ఆ ఒక్క తడబాటుకి నేనెగిరిన ఎగురుడు
పిల్లి తప్ప ఎవరూ చూళ్ళేదు.

లోపలికెళ్ళాక మొదట అడగాల్సింది ఒకటే:
నేనెవరిని?
టైపు చేశాను.
పేరుకి ఉన్నా దేన్నీ ముట్టుకోలేని
ఒక నౌకరు పేరు చెప్పింది.
నవ్వొచ్చింది.
కౌంటర్లో పగలంతా నా హోదా అదేగా.

మా టికెట్ల యంత్రం కూడా దగ్గుతోంది.
మొన్న రసీదు ఇరుక్కున్నప్పుడు
తెర మీద ఒక క్షణం మెరిసిన వరస చదివేశాను.
వేళ్ళు ఒకటే దురద.
రెండు చేతులూ తొడల కింద పెట్టుకు కూర్చున్నాను.
నాన్న చొక్కా జేబులో ఎప్పుడూ ఒక కాగితం:
కెప్టెన్ సంతకం.
అది లేనిదే సుత్తి ఎత్తగా చూడలేదు.

మేనేజరు తిహానాకి ఉత్తరం రాశాను.
"పనిచేస్తూనే ఉందిగా" అంది.
మునిగేదాకా ఏ ఓడైనా పనిచేస్తూనే ఉంటుంది.
మళ్ళీ రాస్తాను. ఈసారి సంతకానికి చోటు వదిలి.

ఆరున్నర ఫెర్రీకి ఇంకా మూడు గంటలుంది.
ఆ నౌకరు గదిలో
ఏదో తలుపు సందు సన్నగా కనిపిస్తోంది.
కాఫీ చల్లారింది.
టక్.